రెండు చాపలు, ఒక పీఠం

ఒక రాజ్యంలో కొత్త న్యాయాధిపతి పీఠమెక్కాడు. ఎక్కాడన్న మాటేగానీ, దాని మీద కూర్చోవడం అతనికింకా చేతకాలేదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. న్యాయసభలో పీఠానికి ఎడమపక్క ఒక చాప, కుడిపక్క ఒక చాప వేస్తారు. ఎడమ చాప మీదివాడు ఫిర్యాదు చేసినవాళ్ళ తరఫున వాదిస్తాడు, కుడి చాప మీదివాడు ఎదుటివాళ్ళ తరఫున. రెండింటి మీదా ఏళ్ళ తరబడి కూర్చుని, రెండు పక్షాల గోడూ ఎరిగినవాడికే పీఠం దక్కుతుంది. మన న్యాయాధిపతి జుట్టు నెరిసేదాకా ఆ చాపల మీదే వాదించాడు. అతను నోరు విప్పితే అవతలివాడికి చెమటలు పట్టేవి. ఆ సంగతి తల్చుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

మొదటిరోజు పెందలాడే వచ్చి, అలవాటు కొద్దీ ఎడమ చాప మీద కూర్చున్నాడు. "న్యాయాధిపతి వారు వేంచేస్తున్నారు" అని బంట్రోతు కేకెయ్యగానే లేచి, చేతులు కట్టుకుని, భక్తిగా గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు. సభంతా తననే చూస్తోందని గ్రహించి, చిన్నగా దగ్గి, వెళ్ళి పీఠమెక్కాడు.

మొదటి ఫిర్యాదు ఒక కుమ్మరి ఆవిడది.

"రాజుగారి ఏనుగు రోజూ నా వాకిట్లోకొచ్చి కుండలు తొక్కేస్తోందయ్యా" అందామె.

"కోటకి రాళ్ళు మోసే దారి అదండీ. ఆమె కుండలు కాల్చే ఆవం అక్కణ్ణించి తీసేయించండి" అన్నాడు మావటి.

ఆవం తీసేస్తే ఆమె బతుకు వీధిన పడ్డట్టే. కుండకి పనికొచ్చే మన్ను చుట్టుపక్కల మరెక్కడా లేదు. అయినా ఆమె తన తరఫున ఎవర్నీ తెచ్చుకోలేదు. రాజుగారి ఏనుగుకి వకాల్తా ఎందుకని మావటీ ఒక్కడే వచ్చాడు.

రెండు చాపలూ ఖాళీగా కనబడేసరికి న్యాయాధిపతి నోరు ఊరుకోలేదు. చరచరా దిగి ఎడమ చాప ఎక్కాడు. ఆవం ముందు పుట్టిందా, దారి ముందు పుట్టిందా అని నిలదీశాడు. విన్నవాళ్ళకి కళ్ళు చెమర్చాయి. అంతలో కుడి చాప మీద జాలి కలిగింది. అక్కడికి వెళ్ళి, కోట లేకపోతే ఊరెక్కడిది, ఊరు లేకపోతే కుండలెవరికని తన వాదాన్ని తానే చీల్చి చెండాడాడు. సభ చప్పట్లతో మారుమోగింది.

"రెండూ బాగా చెప్పారయ్యా. మరి వింటున్నదెవరు?" అంది కుమ్మరి ఆవిడ.

అతను తలెత్తి చూశాడు. పీఠం ఖాళీగా ఉంది.

న్యాయాధిపతికి తల కొట్టేసినట్టయింది. మెల్లగా వెళ్ళి కూర్చుని, "చెప్పమ్మా" అన్నాడు. మధ్యమధ్య మాట గొంతుదాకా వచ్చినా, కష్టపడి మింగేశాడు.

"ఏనుగు మంచిదేనయ్యా. అది కుండల కోసం రాదు. మన్ను తడుపుకోడానికి పెట్టుకున్న నీళ్ళ కోసం వస్తుంది. అంత ఒళ్ళు తిప్పుకోడానికి నా వాకిట్లో చోటేదీ? దాన్ని మాత్రం కొట్టించకండి."

"నీళ్ళు పెట్టే తోలుకొస్తున్నానండీ" అన్నాడు మావటి గబుక్కున.

మరొకప్పుడైతే మావటిని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ముప్పుతిప్పలు పెట్టేవాడే. ఇప్పుడు మాత్రం, బయట కట్టేసిన ఏనుగు ముందు గంగాళంతో నీళ్ళు పెట్టమన్నాడు, అంతే. ఏనుగు ఒక గంగాళం ఖాళీ చేసింది. ఇంకోటి ఖాళీ చేసింది. ఆ పైది కింద పెట్టనైనా పెట్టనివ్వకుండా తొండం ముంచేసింది.

మావటి తల దించుకున్నాడు. "కోట త్వరగా లేవాలని తొందరపెడుతున్నారండీ. నీళ్ళకి ఆగితే రాళ్ళు తగ్గుతాయి. తప్పు నాదే."

"కోట కాస్త ఆలస్యంగానే లేస్తుంది. దారి మొదట్లో తొట్టి కట్టించండి. పగిలిన కుండల నష్టం గజశాల భరిస్తుంది. ఆవం ఉన్నచోటే ఉంటుంది" అని తీర్పు చెప్పాడు న్యాయాధిపతి.

సభ ముగిశాక దణ్ణం పెట్టడానికి వచ్చిన కుమ్మరి ఆవిణ్ణి అతను ఉండబట్టలేక అడిగాడు. "నీ తరఫున నేను వాదించానే, అదెలా ఉందమ్మా?"

"గొప్పగా ఉందయ్యా" అందామె మనస్ఫూర్తిగా. "అదే నెగ్గుంటే దారి నాదైపోయేది. రేప్పొద్దున ఏనుగు మళ్ళీ నా వాకిట్లోనే ఉండేది."