గాలెయ్య గీసిన బూడిద గీత

అనగనగా, మీ తాతకి తాత ఉగ్గు తాగే రోజుల్లో, నల్లరేగడి నేలమీద ఒక ఊరు. ఊ కొడుతున్నారా? కొట్టండి. మీరు ఊ కొట్టడం మానితే కథలో పిల్లలు తప్పిపోతారు.

ఆ ఊరి చుట్టూ మిరపతోటలు. కాయ పండిందంటే నేలంతా నిప్పులు పరిచినట్టు ఉండేది. కోతలు మూడు. తొలికోత, నడికోత, తుదికోత. మూడు కోతలకీ ఊళ్ళో ఆడవాళ్ళంతా పొద్దు పొడిచేసరికి తోటలో ఉండాలి.

మరి పిల్లలో?

పిల్లల్ని మంచం కోడుకి తాడేసి కట్టేవాళ్ళు. పక్కన గిన్నెలో ఇంత అన్నం పెట్టేవాళ్ళు. తలుపు గొళ్ళెం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాళ్ళు. చూస్తే కాళ్ళు కదలవు.

ఆ ఊళ్ళో గాలెయ్య అని ఒకడుండేవాడు. ఎడమకాలు వంకర. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడం అతని పని. మంచె ఎక్కడానికి ఎంతసేపో, దిగడానికీ అంతసేపు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు. గాలెయ్య అన్నాడంటే అన్నాడే.

ఒక ఏడు తొలికోత మొదలైంది. అంకమ్మ అనే తల్లి తన కూతురు మంగిని తోటకి తెచ్చుకుంది. మంగికి నాలుగేళ్ళు. తాడు కట్టి పోతే కొరికేసే పిల్ల. కట్టలేక తెచ్చింది.

మధ్యాహ్నం అంకమ్మ కాలవలో చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ముద్ద కలిపి పిల్ల నోట్లో పెట్టింది. చెంపకి అంటిన మెతుకు తుడిచింది. కంటి దగ్గర నలక ఉంటే తీసింది. అంతే. పిల్ల కెవ్వుమంది. ఆ కేక ఊరిదాకా వినిపించింది.

నీళ్ళతో కారం పోదు. ఆ సంగతి కోతకి పోయే ప్రతి ఆడదానికీ తెలుసు. బిడ్డ ఆకలి చూడగానే ప్రతి ఆడదీ మరిచిపోతుంది.

తోట ఆసామి చెంచయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఈ గోల? కోత ఆగిపోయింది చూడండి. రేపట్నుంచి ఒక్క పిల్ల తోటలోకి రాకూడదు. ఇళ్ళల్లో కట్టేసి రండి. కట్టెయ్యలేనివాళ్ళు కోతకే రావద్దు."

"కట్టెయ్యరు" అని వినిపించింది గట్టుమీంచి.

"ఎవడ్రా అది?"

"నేనే ఆసామీ, గాలెయ్యని."

"కట్టెయ్యక ఏం చేస్తారంట?"

"నేను చూసుకుంటా."

ఆడవాళ్ళు కాయలు వదిలేసి నవ్వారు. "పిట్టల్ని తోలే మామ పిల్లల్ని తోలతాడంట!" అంది ఒకామె. "మీసాలు చూసి పిల్లలు జడుసుకుంటారు మామా, ముందు అవి తీయించుకో" అంది ఇంకొకామె. చెంచయ్య కూడా నవ్వాడు.

గాలెయ్య నవ్వలేదు. పంచె మోకాలి దాకా ఎత్తి కాలు చూపించాడు. కాలంతా పాత కాలిన మచ్చ.

"నన్నూ మా అమ్మ మంచం కోడుకే కట్టి కోతకి పోయింది ఆసామీ. పాకకి నిప్పంటుకుంది. తాడు కాలి తెగితే గానీ నేను బయటికి రాలేదు. తాడుతోపాటు కాలూ కాలింది. మా అమ్మ తప్పు కాదు. ఆమెకి ఇంకో దారి చూపినవాడు లేడు. నేను చూపిస్తా."

ఇక ఎవరూ నవ్వలేదు. చెంచయ్య తలపాగా సర్దుకున్నాడు. అయినా ఆసామి కదా, మెత్తబడినట్టు కనిపించకూడదు.

"సరే. మూడు కోతలు చూస్తా. మూడు కోతల్లో ఒక్క పిల్ల కారానికి ఏడ్చిందో, పిల్లలు మంచం కోడుకి, నువ్వు మంచెమీదకి. ఇంకోటి. కాయ ఎండబోసే కల్లం పక్కన పొయ్యి పెట్టకూడదు. కాయకి నిప్పంటుకుంటే ఊరంతా దగ్గి చస్తుంది."

"ఒక్క పిల్ల ఏడవకూడదు. అంతేనా?"

"అంతే."

"పొయ్యి పెట్టకూడదు. అంతేనా?"

"అంతే."

"సరే" అన్నాడు గాలెయ్య. గాలెయ్య అన్నాడంటే అన్నాడే.

మర్నాడు పొద్దున్నే గాలెయ్య ఒక గంప బూడిద మోసుకొచ్చాడు. తోటకీ కల్లానికీ మధ్య ఒక కానుగ చెట్టుంది. దాని చుట్టూ బూడిదతో పెద్ద గీత గీశాడు. గీత లోపల బొంతలు పరిచాడు. తల్లులు పిల్లల్ని తెచ్చి దించారు. ఒకటి, రెండు, మూడు... మొత్తం పదముగ్గురు.

దించీ దించగానే పదముగ్గురూ ఏడుపందుకున్నారు. కారానికి కాదు, అమ్మ కోసం. మంగి అయితే గీత దాటి పరుగు పెట్టింది.

గాలెయ్య వెంటబడలేదు. వంకరకాలితో పట్టుకోలేడని అతనికి తెలుసు. ఉన్నచోటే నిలబడి గుండె బాదుకుంటూ అరిచాడు.

"అయ్యో, అయ్యో! మంగి ఏట్లో పడింది! మొసలి వస్తోంది! మొసలి!"

మంగి ఆగింది. కిందకి చూసింది. "ఏరేది?"

"గీతకి ఇటు ఒడ్డు. అటు అంతా ఏరే. నీ మోకాళ్ళదాకా నీళ్ళొచ్చాయి చూసుకోలా? ఈత కొట్టు పిల్లా, ఈత కొట్టు!"

మంగి ఈత కొట్టుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఏడుస్తున్న పన్నెండుమందీ ఏడుపు మానేసి ఆమెని చేతులు పట్టి లాగారు. ఆ వెంటనే అందరికీ ఏట్లో పడాలనిపించింది. ఒకరు పడటం, మిగతావాళ్ళు లాగడం. గాలెయ్య మొసలి. వంకరకాలు మొసలికి భలే కుదిరింది. పొద్దువాలేదాకా అదే ఆట. గీత దాటి వెళ్ళిపోదామన్న పిల్ల మళ్ళీ లేదు. మొసలి ఉంది కదా!

మరి తిండి? పొయ్యి లేదు. గాలెయ్య రాత్రే పెసలు నానబెట్టి తెచ్చాడు. బెల్లం తురిమి వాటిలో కలిపాడు. అటుకులు తడిపి మజ్జిగ పోశాడు. పచ్చి దోసకాయ చక్రాలు కోశాడు. తర్వాత చిన్న రోలు ముందు పెట్టి పిల్లల్ని పిలిచాడు.

"నువ్వులు ఒకరు పొయ్యండి. బెల్లం ఒకరు వెయ్యండి. అందరూ తలా మూడు పోట్లు. మూడే. నాలుగో పోటు వేసినవాళ్ళకి ఉండ చిన్నదవుతుంది."

తల్లి పెడితే మొహం తిప్పుకునే పిల్లలు, తాము దంచిన చిమ్మిలుండ వేళ్ళు నాకి మరీ తిన్నారు. తొలికోత ముగిసింది. ఒక్క పిల్ల కారానికి ఏడవలేదు.

నడికోత వచ్చింది. ఈసారి చిక్కు పిల్లలతో రాలేదు. తల్లులతో వచ్చింది.

మధ్యాహ్నం అంకమ్మ చేతులు కడుక్కుని గీత దగ్గరికొచ్చింది. మంగిని ఎత్తుకోబోయింది. గాలెయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"చెయ్యి చూపించు."

"కడుక్కున్నా మామా."

"దేంతో?"

"నీళ్ళతో. ఇంకా దేంతో కడుక్కుంటారు?"

"అయితే లోపలికి రావద్దు."

అంకమ్మకి కోపం ముంచుకొచ్చింది. "నా పిల్లని ముట్టుకోవడానికి నీ సెలవు కావాలా? కన్నది నువ్వా, నేనా?"

"నువ్వే కన్నావు. ఆ రోజు కంట్లో కారం కొట్టిందీ నువ్వే."

ఆ మాటకి అంకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలెయ్య చూశాడు. మాట కటువుగా వచ్చిందని అతనికీ తెలిసింది. అయినా కర్ర దించలేదు.

"నేను చెప్పింది నమ్మొద్దు అమ్మాయ్. నీ చెయ్యి నీ పెదవికి చూపించు. పెదవి ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

అంకమ్మ విసురుగా వేలు పెదవికి ఆనించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. గెలిచానన్నట్టు చూసింది. ఆ తర్వాత పెదవి భగ్గుమంది. "అబ్బబ్బ!" అంటూ కూలబడింది.

"మూడుసార్లు కడిగిన చెయ్యి అది" అన్నాడు గాలెయ్య మెల్లగా. "నీ పెదవే ఓర్చుకోలేకపోతే ఆ పసికన్ను ఎట్లా ఓర్చుకుంటుంది?"

అప్పుడు ఆమె ముందు మూడు ముంతలు పెట్టాడు. ఒకదాంట్లో ఆముదం. ఒకదాంట్లో బూడిద. ఒకదాంట్లో పుల్లటి మజ్జిగ. ఆముదం రాసింది. బూడిదతో తోమింది. మజ్జిగతో కడిగింది. మళ్ళీ పెదవికి చూపించింది. మండలేదు. గాలెయ్య కర్ర దించాడు. మంగి వచ్చి మెడకి చుట్టుకుంది.

"అమ్మా, కాళ్ళు పైకెత్తు, వెనక మొసలుంది" అంది.

ఆ రోజునుంచి తల్లులంతా గీత దగ్గర వరస కట్టి, ముంతల్లో చేతులు ముంచి, పెదవికి చూపించి లోపలికి వచ్చేవాళ్ళు. నడికోత ముగిసింది. ఒక్క పిల్ల కారానికి ఏడవలేదు.

తుదికోత వచ్చింది. ఎండలు ముదిరాయి. కల్లంలో కాయ ఎండి గలగలమంటోంది. ఇంకొక్క రోజు గడిస్తే గాలెయ్య గెలిచినట్టే. చెంచయ్య పొద్దున్నే వచ్చి కల్లంలో కూర్చున్నాడు.

"ఏరా గాలిగా, ఈ పూట గడుస్తుందంటావా?"

"గడవాలి ఆసామీ. గడిచేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు దూరంగా ఒక సుడిగాలి లేచింది. చేల మీదుగా తిరుగుతూ తిరుగుతూ కల్లం వైపు వచ్చింది. ఎండిన కాయల్ని, గింజల్ని, ఎర్రటి పొడిని పైకి లేపింది. కల్లంలో చెంచయ్య కండువా మొహాన కప్పుకుని పడిపోయాడు. ఎర్రటి గాలి కానుగ చెట్టు వైపు తిరిగింది. తోటలో తల్లులు కేకలు పెట్టారు. పరుగెత్తినా అందుకోలేరు. అందుకున్నా, ఆ కారం చేతులతో ఏం చేస్తారు?

గాలెయ్య చూశాడు. పరుగు తనవల్ల కాదు. పదముగ్గుర్నీ ఎత్తుకుపోవడం ఎవరివల్లా కాదు. తాగేనీళ్ళ కాగు బొంతల మీద దిమ్మరించాడు.

"పిల్లలూ! మొసలి ఒడ్డెక్కి వస్తోంది! అందరూ తాబేళ్ళవ్వండి. తాబేలు డిప్పలో తల పెట్టుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. నేను పేరు పిలిస్తే 'కూ' అనాలి. తల బయటపెట్టిన తాబేలుకి చిమ్మిలి లేదు!"

పదముగ్గురూ తడి బొంతల కిందకి దూరారు. మొహాలు మోకాళ్ళలో దాచుకున్నారు. గాలెయ్య గాలికి ఎదురుగా కూర్చున్నాడు. రెండు చేతులతో బొంతల అంచులు నొక్కి పట్టుకున్నాడు. తను కళ్ళు మూసుకోవచ్చు. మూసుకుంటే ఏ పిల్ల బొంత ఎత్తిందో కనిపించదు. మూసుకోలేదు.

ఎర్రటి గాలి వచ్చి అతని మొహాన కొట్టింది.

"మంగీ!"

"కూ!"

ఒక్కొక్క పేరే పిలిచాడు. గొంతు మండుతుంటే పిలిచాడు. పదమూడు పేర్లు పిలిచాడు. పదమూడు 'కూ'లు వచ్చాయి. గాలి దాటిపోయింది.

చెంచయ్య దగ్గుతూ, తడుముకుంటూ వచ్చాడు. వెనక తల్లులు వచ్చారు. బొంతల కింద కిసకిసలు వినిపిస్తున్నాయి. "తాతా, మొసలి పోయిందా?" అంటోంది మంగి.

చెంచయ్య గాలెయ్య మొహం చూశాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీళ్ళు మీసాల మీంచి ధారగా కారుతున్నాయి.

"ఏరా, ఏడుస్తున్నావుగా!"

"ఏడుస్తున్నా ఆసామీ" అన్నాడు గాలెయ్య. "ఒక్క పిల్ల ఏడవకూడదన్నారు. గాలెయ్య ఏడవకూడదని అనలేదు."

చెంచయ్య మజ్జిగ ముంత తెచ్చి, తన చేత్తోనే ఆ కళ్ళు కడగబోయాడు.

"ఆసామీ, చెయ్యి" అన్నాడు గాలెయ్య.

అంత పెద్ద ఆసామీ ఆగాడు. వేలు పెదవికి చూపించుకున్నాడు. భగ్గుమంది. నోరు మూసుకుని ఆముదం రాశాడు, బూడిద తోమాడు, మజ్జిగతో కడిగాడు. ఆ తర్వాతే గాలెయ్య కళ్ళు తుడిచాడు.

మరుసటి ఏడునుంచి ఆ ఊళ్ళో మంచం కోడుకి పిల్లని కట్టినవాళ్ళు లేరు. గాలెయ్య కళ్ళు మాత్రం మళ్ళీ పూర్తిగా తేరుకోలేదు. మసకబారాయి. గాలెయ్య పిల్లల్ని తలలు తడిమి లెక్కపెట్టుకునేవాడు. ఎన్నో కోతలు అట్లా గడిచాయి.

ఒక వానాకాలం, మిరపనారు పోసే రోజుల్లో, గాలెయ్య పోయాడు.

తొలికోత వచ్చింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. కానుగ చెట్టు కింద ఎవరూ లేరు. గీత లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంక చేసేదేముంది, ఇంటికి పోయి తాళ్ళు తెచ్చుకుందామా?" అంది ఒకామె నీరసంగా.

"తాళ్ళెందుకు?" అంది ఒక పిల్ల. పిల్లంటే పిల్ల కాదు, కోతకొచ్చిన పడుచు. మంగి. చేతిలో గంప కింద పెట్టింది. బూడిద తెచ్చింది. చెట్టు చుట్టూ గీత గీసింది. మధ్యలో కూర్చుంది.

"ఈ ఏడు నేను కాయ ముట్టను. నా కూలి కింద మీరంతా తలా పిడికెడు కాయ వేసి నా ఒడి నింపండి. పిల్లల్ని దించండి. మొసలొస్తోంది, తొందరగా!"

అప్పటినుంచీ ఆ వైపు ఊళ్ళలో తొలికోతకి ముందు చెట్టు కింద బూడిద గీత పడాల్సిందే. దాన్ని గాలెయ్య గీత అంటారు. ఏటా ఒకరు అందులో కూర్చుంటారు. వాళ్ళు మూడు కోతలూ కాయ ముట్టరు. మిగతావాళ్ళు తలా పిడికెడు వేసి వాళ్ళ ఒడి నింపుతారు. మొదటి చిమ్మిలుండ గీతమీద పెడతారు. అది మొసలికి అంటారు పిల్లలు. చీమలు తింటాయి.

ఇంకోటి కూడా ఉంది. ఆ ఊళ్ళలో తల్లి ఎక్కణ్ణుంచి వచ్చినా, పిల్లని ఎత్తుకోబోయే ముందు వేలు పెదవికి ఆనించుకుంటుంది. కొత్తగా చూసినవాళ్ళు ముద్దు విసురుతోందనుకుంటారు. కాదు. జన్మలో మిరపకాయ కొయ్యని తల్లులు కూడా అట్లాగే చేస్తారు. మరిచిపోయి చేతులు చాపితే పిల్లలే ఊరుకోరు. రెండడుగులు వెనక్కి వేసి అడుగుతారు.

"అమ్మా, గాలెయ్యకి చూపించావా?"

తల్లి ఆగుతుంది. వేలు పెదవికి ఆనించుకుంటుంది.

"చూపించా, రా."