కాడి నడిమధ్య ముడి

చెరకు నరికే రోజుల్లో ఎద్దుకు నడుము నొప్పి రాకూడదు. మిగతా రోజుల్లో వస్తే మాత్రం ఎవరు ఆదరిస్తారని అడగకండి, ఆ పాకలో అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు లేరు. ఉన్నదల్లా ముగ్గురు: ఓపికకు పెట్టింది పేరైన బూడిదోడు, వాడితో ఒకే కాడి మోసే కర్రోడు, మూలన నెమరేస్తూ లోకాన్ని తూర్పారబట్టే ముసలి గేదె పెద్దత్త.

ఒకరోజు కాలవ దాటే చోట చెరకు బండి బురదలో దిగబడింది. కర్రోడు అలవాటు ప్రకారం మెడ ముందుకు చాచి, లాగుతున్నట్టు నిలబడ్డాడు. బూడిదోడు నిజంగానే లాగాడు. బండి కదిలింది, వాడి నడుము కలుక్కుమంది. నొప్పి తొడ మీదుగా ఎడమ గిట్ట దాకా దిగింది.

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల పక్కకు జారిందన్నాడు పశువుల డాక్టరు. ఆసామి అంతా విని, "అయితే ఉంచేదా, సంతకు తోలేదా?" అని ఒక్క ముక్క అడిగాడు.

"తొందరపడకుండా పనిలో పెడితే కోలుకుంటుందిలెండి."

"సరే, చూద్దాం."

సంత మాట బూడిదోడి చెవిన పడింది. సంత నుంచి ముసలి ఎద్దులూ కుంటి ఎద్దులూ ఎక్కడికి పోతాయో వాడికి తెలుసు. ఆనాటి నుంచి వాడికి నొప్పి కన్నా భయమే ఎక్కువ.

"అలా పడుకునే ఉండకురా, బిగుసుకుపోతావు," అంది పెద్దత్త. "అలాగని రోషానికి పోయి గంతులెయ్యకు. ముందు పాక చుట్టూ తిరుగు. తర్వాత ఉత్త కాడి, ఆ తర్వాత ఉత్త బండి. చెరకు మాట ఆఖర్న."

"నొప్పి వస్తే, అత్తా?"

"నడుములోనే ఉంటే నడువు. గిట్టలోకి దిగిందా, ఆగు. సిగ్గుపడకుండా కుంటు. నువ్వు కుంటితేనే కదా ఆసామికి తెలిసేది!"

బూడిదోడు తు.చ. తప్పకుండా అలాగే చేశాడు. పాక చుట్టూ తిరిగాడు, ఉత్త కాడి మోశాడు. నొప్పి గిట్ట వదిలి తొడకు, తొడ వదిలి నడుముకు మళ్లింది. చిన్న మోపులతో బండి కట్టేటప్పుడు ఆసామి బండి ముందుకు చాచుకుని ఉండే నొగను కాడికి నడిమధ్యన కాకుండా కర్రోడి వైపు జరిపి ముడేశాడు. అలా కడితే బరువు ఎక్కువగా కర్రోడి మెడ మీదే పడుతుంది.

పుట్టి బుద్ధెరిగాక కర్రోడు మొదటిసారి నిజంగా పని చేశాడు. ఆ అవమానం వాడు తట్టుకోలేకపోయాడు.

సాయంత్రం మేత దగ్గర బూడిదోణ్ణి ఆనుకుని నిలబడ్డాడు. "బావా, చెప్పాలంటే నోరు రావడం లేదు. ఆసామి ఇంట్లో అంటుంటే విన్నా. కుంటి ఎద్దుకు మేత దండగట. శనివారం సంతకు తోలేస్తాడట."

బూడిదోడి నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది. "ఇంకొన్నాళ్లు ఆగితే నేను..."

"ఆగాల్సింది నువ్వా, ఆసామా? రేపు ఆయన చూస్తుండగా తల ఎత్తి చకచకా నడువు. కుంటావో, నీ ఖర్మ."

"గిట్టలోకి లాగితే?"

"పళ్లు బిగబట్టు. నీకోసం ఇంత తపన పడుతున్నా, ఆ మాత్రం చెయ్యలేవా?"

మూల నుంచి పెద్దత్త కసిరింది. "ఒరేయ్ బూడిదోడా, వాడు నీ మేలు కోరడమేమిట్రా? నమ్మకు!"

"నీకేం అత్తా, పాలిస్తావు, కూర్చోబెట్టి మేపుతారు," అన్నాడు కర్రోడు. పెద్దత్త వాడి వైపు తోక విసిరి మళ్లీ నెమరేసుకోసాగింది.

తెల్లారి బూడిదోడు తల ఎత్తి నడిచాడు. నాలుగడుగులకే నొప్పి గిట్టలోకి దిగింది. వాడు కుంటలేదు.

"మొత్తానికి కోలుకున్నావురా!" అని ఆసామి మురిసిపోయి వీపు తట్టాడు. ముడి విప్పి కాడి నడిమధ్యకు జరిపాడు. బండి నిండా చెరకు ఎత్తించాడు. కాలవ దగ్గర చక్రం మళ్లీ దిగబడింది. కర్రోడు మెడ చాచి నిలబడ్డాడు. బూడిదోడు లాగాడు. ఈసారి వాడి వెనక కాళ్లు మళ్లీ లేవలేదు.

పీడ విరగడైందనుకున్నాడు కర్రోడు. కొత్త కోడె జతకు వస్తే కష్టమంతా దాని నెత్తినే రుద్దొచ్చని లెక్క వేసుకున్నాడు. శనివారం లారీ వచ్చింది. నలుగురు పట్టి బూడిదోణ్ణి ఎక్కించాక ఆసామి పాక వైపు చూశాడు.

"ఒంటెద్దుతో ఏం చేసుకుంటాం? దాన్నీ ఎక్కించండి. ఇకనుంచి ట్రాక్టరే."

లారీ కదిలాక కర్రోడు ఏడుపు గొంతుతో అన్నాడు, "బావా, శనివారం సంతకు తోలేస్తానని ఆసామి అననేలేదు. నేనే కల్పించా."

"తెలుసు. ముడి నీ వైపు జరిపిన రోజే నీ మొహం చూశాను."

"మరి అప్పుడే కుంటలేదేం?"

"నువ్వు చెప్పింది అబద్ధమే. కుంటితే మాత్రం అది నిజమవుతుందేమోనని భయపడ్డాను."

లారీ గోతిలో పడి లేచింది. నిలదొక్కుకోలేని బూడిదోడు ఒళ్లంతా కర్రోడి మీద వాలిపోయాడు. కర్రోడు పక్కకు జరగబోయాడు, జరగడానికి చోటు లేదు.

నీతి: పక్కవాడి నడుము విరిచి తన బరువు దించుకోవాలని చూసేవాడు, తననూ అదే కాడికి కట్టారన్న సంగతి మరిచిపోతాడు.