దండనాయకుడి విస్తరి

వెలగదుర్గంలో ఒక పెళ్లి విందు. బంతిలో కూర్చోబోతూ వరుడి మేనమామ, దండనాయకుడు రుద్రసేని తన విస్తరి చూసి మండిపడ్డాడు. "అందరికీ వేసిందే నాకూనా? నా హోదాకు తగ్గ విస్తరి వేయకపోతే వరుణ్ణి తీసుకుపోతా!"

వధువు తండ్రి కంగారుగా చేతులు జోడించాడు. విస్తళ్లు వేసే అచ్చెమ్మ మాత్రం వినయంగా నిలువెత్తు అరటాకు తెచ్చి పరిచింది. మధ్యలో అన్నం, ఈ కొసన పప్పు, ఆ కొసన గోంగూర పచ్చడి వడ్డించింది.

రుద్రసేని ఎంత చెయ్యి చాచినా అందలేదు. "పప్పు ఇటు జరుపు!" అన్నాడు.

"జరిపితే ఇంత విస్తరీ బోసిపోతుంది దొరా. తమ హోదాకు లోటు కదా!"

పక్కవాళ్లు కమ్మగా తింటున్నారు. అతని అన్నం చల్లారిపోతోంది. రుద్రసేనికి నవ్వు ఆగలేదు. "చేతికందే విస్తరే వెయ్యి, తల్లీ!"

కడుపారా తిని లేస్తూ అన్నాడు: "మాఘంలో మా అమ్మాయి పెళ్లి. విస్తళ్లు వేయడానికి నువ్వే రావాలి."