నల్లమ్మ చక్రానికి పదకొండు బిళ్ళలు

“జరగండర్రా, బండి నా చేతిలో లేదు!” అని వీధి చివర్నుంచి కేక వినపడేసరికి, నక్క బావ టైర్ల పాక ముందు గడ్డి నెమరేస్తున్న సోమన్న తాత తలెత్తి చూశాడు. గేదె నల్లమ్మ లారీ. ముందు చక్రం దడదడలాడుతోంది. వెనక పెరుగు కుండలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. నల్లమ్మ ఎలాగో పాక ముందు ఆపి, దిగి చతికిలబడింది.

సోమన్న తాత ముసలి ఎద్దు. ఒకప్పుడు గూడుబండి లాగినవాడు. ఇరుసు కిర్రుమన్న తీరుని బట్టి ఏ పక్క అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కందెన వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఆయన చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఏం లాభం, ఆ బండ్లేవీ?

నల్లమ్మ గోడు వెళ్ళబోసుకుంది. పది రోజులుగా ఇదే వణుకట. నక్క బావ దగ్గరికెళ్ళినప్పుడల్లా చక్రం తూకం సరిచేస్తానని అంచుకి ఓ సీసం బిళ్ళ కొట్టి, బిళ్ళకో బుట్టెడు ఎండ్రకాయలు పుచ్చుకుంటున్నాడట. ఇవాళ సంతకెళ్ళేలోగా కుండలు పగిలితే పెరుగు మోత గాడిదకిచ్చేస్తామని పెరుగు పంపే మేకలు తెగేసి చెప్పాయట.

తాత బిళ్ళలు లెక్కపెట్టాడు. పదకొండు.

“ఇంత పెద్ద చక్రానికి రెండో మూడో మామూలేనమ్మా. పదకొండంటే చక్రం ఏదో మొర పెట్టుకుంటోందన్న మాట. రాత్రిళ్ళు బండి ఎక్కడ పెడతావు?”

“మడుగులో తాతా. మా నాన్న ఎండాకాలం బండి చక్రాలు నీళ్ళలో నానేసేవాడు కాదూ, కట్టు వదులవకుండా?”

వాగులో చక్రాలు నానుతుంటే, పక్కనే మోకాటి లోతు నీళ్ళలో నిలబడి నల్లమ్మ నాన్న కబుర్లు విన్న సాయంత్రాలు తాత కళ్ళముందు కదిలాయి. “అవి కర్ర చక్రాలు తల్లీ,” అన్నాడు మెల్లగా. “కర్ర నీళ్ళు తాగి బిగుస్తుంది. ఇనుముకి బురదే మిగులుతుంది.”

ఇంతలో పాకలోంచి నక్క బావ పన్నెండో బిళ్ళ పట్టుకుని రానే వచ్చాడు. పెద్ద బండికి పెద్ద బరువే అందమన్నాడు.

“అలాగే బావా. నీ పనితనం నువ్వే తోలి చూపించు,” అన్నాడు తాత.

నలుగురి ముందూ కాదనలేక నక్క ఎక్కాడు. మలుపు తిరిగేసరికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. “బు... బు... బురద! రిమ్ము వెనక బురదుంది, ఆపండర్రా!”

“చూశావన్న మాట. మరి చెప్పలేదేం?” అన్నాడు తాత.

“చెబితే ఎండ్రకాయలెవరిస్తారు?” అని నక్క నాలిక్కరుచుకున్నాడు.

జాకీతో బండి ఎత్తి, గీకే పని నక్క చేతే చేయించారు. తట్టెడు ఎండు బురద రాలింది. రోజూ కొంత రాలుతూ, మళ్ళీ కొత్తది అంటుతూ ఉంటే ఏ బిళ్ళ మాత్రం సరితూగుతుంది? తాత బిళ్ళలన్నీ పీకేసి చక్రం తిప్పాడు. తిప్పి వదిలినప్పుడల్లా కిందికొచ్చి ఆగే చోట సుద్దతో గీత గీసి, సరిగ్గా దానికెదురుగా రెండే బిళ్ళలు కొట్టాడు. ఈసారి చక్రం ఆపినచోటే ఆగింది.

పొద్దు వాలేలోగా నల్లమ్మ ఒక్క కుండా పగలకుండా సంత చేసుకుని వచ్చింది. మేకలు తుమ్మకాయలు తెచ్చాయి, నల్లమ్మ తవుడు కలిపింది, తాతకి పచ్చి జొన్నచొప్ప పడింది. మోచేతుల దాకా బురదతో నక్క బావ కూడా ఓ మూల కూలబడ్డాడు. తన ముందు ఎండ్రకాయల పులుసుంది గానీ, వణుకు తగ్గని పళ్ళతో నమలడమే కుదర్లేదు. మిగతా అందరూ కూర్చుని తిన్నారు.

లోపలి బురద దులపకుండా పైన ఎన్ని బిళ్ళలు కొట్టినా బండి కుదురుగా నడవదు.