బుడంకాయ తాగిన ఉప్పుగంజి

ఉప్పుమళ్ల పక్కన ఒక దొడ్డి ఉండేది. అందులో సింగారి అనే మేక, దాని రెండు నెలల పిల్ల బుడంకాయ, అడగకుండానే సలహాలిచ్చే ఒక కోడిపుంజు, పదిహేనేళ్లు ఉప్పు బస్తాలు మోసి నడుం వంగిన గాడిద నాంచారమ్మ కాపురముండేవి. నాంచారమ్మ ఏం చెప్పినా ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. గాడిదకేం తెలుసని వాళ్ల ధీమా.

ఒకరోజు బుడంకాయ పేడకుప్ప పక్కనున్న గుంటలో నీళ్లు తాగాడు. ఇక చూడండి, విరేచనాలు! మర్నాటి పొద్దుటికి పిల్లవాడు లేచి నిలబడలేకపోయాడు. యజమానీ, యజమానురాలేమో కుక్కను వెంటబెట్టుకుని పొలం వెళ్లారు. చీకటి పడితేగాని రారు.

సింగారి ఏడుపు విని కంచె సందులోంచి ఒక నక్క తల పెట్టింది. మెడలో వేపమండ వేసుకుని ఉంది.

"నేను డాక్టర్ని. ఎన్నిసార్లయింది?"

"తొమ్మిదిసార్లు బాబూ."

"లోపలికి పోతుంటేనే గదా బయటికొచ్చేది? నీళ్లాపు, పాలాపు. పొద్దుగూకేసరికి మెత్తబడతాడు. అప్పుడు ఈ కంచె పక్కన పడుకోబెట్టు. మా ఇంటికి తీసుకుపోయి మందేస్తా."

చెబుతూ చెబుతూ మూతి నాక్కుంది. కన్నబిడ్డ ప్రాణం కొట్టుకుంటుంటే ఏ తల్లి డాక్టరు మూతి చూస్తుంది? సింగారి చూడలేదు. నాంచారమ్మ చూసింది.

నక్క వెళ్లగానే పుంజు అందుకుంది. "డాక్టరు మాట నిజమే. మా వంశంలో ఎవరికి పారినా నీళ్లు మానిపిస్తాం."

"అందుకేనేమో, పన్నెండు పిల్లలు పుడితే మూడే మిగులుతున్నయ్" అంది నాంచారమ్మ.

నాంచారమ్మ బుడంకాయ మెడ మీది చర్మాన్ని పెదాలతో మెల్లగా పట్టి వదిలింది. "ఇట్టా చూడు సింగారీ. వదిలినా ముడత అట్టాగే నిలబడింది. కళ్లు లోపలికి పోయినయ్. నోరెండింది. పొద్దుట్నించి ఉచ్చ పోశాడా?"

"లేదొదినా" అంది సింగారి.

"ఒంట్లో నీళ్లన్నీ కారిపోతున్నయ్. కారిపోయింది మళ్లీ నింపకపోతే బిడ్డ దక్కడు. ఉప్పుమళ్లలో కూలోళ్లకు ఇట్టా అయితే ఏం తాపేవాళ్లో నా కళ్లారా చూశా. ఉప్పేసిన గంజి!"

పొద్దున్నే కడిగిన తొట్టిలో యజమానురాలు పోసి వెళ్లిన గంజి ఉంది. గాడిద, గుంజకు కట్టిన ఉప్పుగడ్డను కొరికి ఒక ముక్క అందులో వేసింది.

"ఎంతెయ్యాలొదినా?"

"ఏడుస్తున్నావుగా, నీ కన్నీళ్లు నాకి చూడు. గంజి అంతకంటే ఉప్పగా ఉండకూడదు."

సింగారి కన్నీళ్లు నాకింది, గంజి నాకింది. ఉప్పు ఎక్కువైంది. పక్క కుండలో ఉన్న గంజి ఇంకొంచెం ఒంపారు. ఈసారి సరిపోయింది.

మొదటి గుక్కలు బుడంకాయ భళ్లున కక్కేశాడు. సింగారి గొల్లుమంది. "నక్క డాక్టరు చెప్పిందే నిజం! నా చేతులారా చంపుకుంటున్నా!"

"ఆగు. కక్కితే కాసేపాగి మళ్లీ పడతాం. కొంచెం కొంచెంగా పట్టు. మధ్యమధ్య నీ పాలూ ఇవ్వు. ఏమయ్యా పుంజూ, ఎట్టాగూ ఊరుకోవుగా, గుక్కకో కూత కూసి లెక్కపెట్టు. వాడు ఉచ్చ పోశాడంటే గండం గడిచినట్టే. నెత్తురు పడినా, యజమాని వచ్చేదాకా ఉచ్చ పొయ్యకపోయినా, అది నా వల్లయ్యే పని కాదు. గుమ్మం ముందు గోల చేసి అసలు డాక్టరు దగ్గరికి పంపిద్దాం."

పుంజు కూసింది, సింగారి పట్టింది, బుడంకాయ తాగాడు. మధ్యాహ్నం దాటేసరికి చెవులు కదిలించాడు. సూర్యుడు వాలేవేళకు తల్లి పొదుగు వెతుక్కున్నాడు. ఉచ్చ మాత్రం పొయ్యలేదు. సింగారికి కాలు నిలవలేదు.

అప్పుడొచ్చింది నక్క. నాంచారమ్మ బుడంకాయను కంచె పక్కనే పడుకోబెట్టి, తను వెనక్కి తిరిగి నిలబడింది.

"మెత్తబడ్డాడా?"

"నువ్వే వచ్చి చూసుకో డాక్టరూ."

నక్క లొట్టలేస్తూ సందులోంచి దూరి, వంగి వాసన చూసింది. ఆ వేడి ఊపిరికి బుడంకాయ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడినట్టే ఉచ్చ పోశాడు. అదీ నక్క ముఖం మీద!

"పోశాడొదినా! నా బంగారుకొండ ఉచ్చ పోశాడు!" సింగారి దొడ్డంతా గంతులేసింది. పుంజు లెక్క మరిచిపోయి ఆగకుండా కూసింది.

"ఛీ ఛీ, రోగిని ఇట్టాగేనా పెంచేది!" అని నక్క కళ్లు తుడుచుకుంటుండగా నాంచారమ్మ వెనక కాళ్లు రెండూ లేచాయి. నక్క కంచె మీదుగా ఎగిరి అవతల పడింది. ఊడిపడ్డ వేపమండను సింగారి తీరుబడిగా నమిలేసింది. బిడ్డ జబ్బుపడ్డప్పట్నించి సింగారి తిన్న మొదటి తిండి అదే.

మర్నాడు అందరూ కలిసి పేడకుప్ప పక్కన గుంటను పూడ్చేశారు. పుంజు ఇప్పుడు కనబడ్డ కోడికల్లా ఉప్పుగంజి గురించి చెబుతోంది, అది తన వంశం కనిపెట్టిన మందే అయినట్టు. నాంచారమ్మ వింటూ గడ్డి నములుతుంది.

విరేచనాలతో పడున్న బిడ్డకు నీళ్లాపమనే వైద్యుడు ఎదురైతే, బిడ్డకు నీళ్లు పట్టండి, వైద్యుణ్ణి కంచె దాటించండి.