అరటిపండైనా తెగని కత్తి

క్వేతే చేసిన కత్తికి వంక పెట్టడానికి లేదు. ఆకు ఆకారంలో వెడల్పాటి అలుగు, పిడి నిండా రాగితీగ నగిషీ. మూడు నెలల చాకిరీ. అన్నిటికన్నా దాని పదును చూసుకుని మురిసిపోతున్నాడు. తలవెంట్రుక తాకిస్తే చాలు, రెండు ముక్కలు.

కాంగో నేల మీది కూబా రాజ్యంలో మనిషి హోదా అతని నడుమునున్న కత్తిలో కనిపిస్తుంది. రేపు ఊరికి కొత్త న్యాయాధికారి కొలువెక్కుతాడు. కమ్మరి గురువు మికోబి ఊఁ అంటే ఆ అధికారి నడుమున వేలాడేది ఈ కత్తే. ఊహూఁ అంటే క్వేతే మరో ఏడాది కొలిమితిత్తులు ఊదుకోవాలి.

మికోబి కత్తిని వెలుగులో తిప్పి చూశాడు. పక్కనున్న బుట్టలోంచి కర్రపెండలం దుంప తీసి, ఆ కత్తితోనే చెక్కు తీయసాగాడు.

క్వేతేకి తల కొట్టేసినట్టయింది.

"గురువుగారూ, అది కొలువు కోసం చేసింది."

"బాగా తెగుతోందిరా. మా ఇంటిదానికిస్తే సంతోషిస్తుంది."

"మీ నడుమున ఉన్నది ఉత్త చెక్కకత్తి. దాంతో అరటిపండైనా తెగదు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. మికోబి మాత్రం దుంప చెక్కడం ముగించి, కత్తి తుడిచి తిరిగి ఇచ్చేశాడు.

అంతలో వీధిలో గోల. కల్లుచెట్టు నాదంటే నాదని ఇద్దరు అన్నదమ్ములు మచ్చుకత్తులు ఎత్తారు. జనం చుట్టూ ఉన్నారు గానీ దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. క్వేతే తన కత్తి దూసి మధ్యలోకి ఉరికాడు. ఆ పదును తళుక్కుమనగానే ఇద్దరూ అతని మీదికే తిరిగారు.

మికోబి నింపాదిగా నడిచి వచ్చాడు. నడుమునున్న కొయ్యకత్తి తీసి ముగ్గురి మధ్యా నిలిపాడు. ఆయన తాతల నాటి నుంచి ఆ ఊరి తగవులు తీర్చిన కత్తి అది.

మొదట తమ్ముడు కత్తి దించాడు. తర్వాత అన్న. ఆఖరున దించింది క్వేతే.

మధ్యాహ్నమంతా అతను అలుగు అంచును పదును పోయేలా రాతికేసి నిలువునా రాస్తూ కూర్చున్నాడు. మొదట చెయ్యి రాలేదు. ఆ పదును తను పెట్టిందే మరి. సాయంత్రానికి అంచు మొద్దుబారింది. నగిషీ ఒక్కటే మెరుస్తోంది.

మికోబి అంచు మీద బొటనవేలు నడిపాడు.

"ఏరా, తెగుతుందా?"

"అరటిపండైనా తెగదు," అన్నాడు క్వేతే, తలెత్తుకుని.

"అయితే రేపు న్యాయాధికారి నడుముకు నువ్వే కట్టు."