మాణిక్యమ్మ తోమిన రాళ్లు

"మీరు నాకు చేసిన మేలుకి నేనేం చేయగలను, మాస్టారూ?" అని సుభాషిణి అడిగింది.

ఇంటర్‌లో కెమిస్ట్రీ తప్పిన పిల్ల. పానకాలు మాస్టారు కూర్చోబెట్టి చెప్పిన చదువుతో ఈమధ్యే లెక్చరరయింది. మంగళగిరిలో ఆయనకు ఘనంగా సన్మానం చేయాలని ఆమె కోరిక. మాస్టారు రిటైరైనప్పటినుంచి, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకూడదని ఊళ్లో వాళ్లు పిల్లల్ని ఆయన ఇంటికి చదువుకి పంపడం మానేశారు. దండాలు మాత్రం దూరం నుంచి బాగానే పెడుతున్నారు. ఆయన చెప్పులేసుకున్నారు. "మాణిక్యమ్మ కబురు పెట్టింది, పద" అన్నారు.

మాణిక్యమ్మది నూలుకు రంగులద్దే షెడ్డు. అక్కడి రంగు నీళ్లకు పక్కనున్న కనకాంబరాల తోట మాడిపోతుంటే, తోటవాళ్లు షెడ్డు మూయించబోయారు. అప్పుడు మాస్టారు ఇనుప తుప్పు పూత పట్టించిన గులకరాళ్లను ఒక డ్రమ్ములో నింపి ఇచ్చారు. రంగు నీళ్లలో కాస్త పెరాక్సైడు కలిపి పైనుంచి పోస్తే, ఆ తుప్పు దాన్ని పురిగొల్పుతుంది, రంగు విరిగిపోతుంది, తుప్పు మాత్రం తరిగిపోదు. పుస్తకాల్లో దాన్నే ఉత్ప్రేరకం అంటారు. అప్పటినుంచి తోట పూస్తోంది, షెడ్డు నడుస్తోంది.

ఆ రోజు మాత్రం డ్రమ్ము కింద ఎర్రటి నీళ్లే వస్తున్నాయి. మాణిక్యమ్మ కాలువకు మట్టి అడ్డం వేసి బిక్కమొహంతో నిలబడింది. మాస్టారు డ్రమ్ములోకి తొంగిచూశారు. రాళ్లు తళతళలాడుతున్నాయి. పైన పసుపు, కుంకుమ.

"దసరాకి ఇంట్లో మగ్గానికి పూజ చేసుకున్నాం బాబూ. మా పొట్ట నిలబెట్టిన రాళ్లని ఊరికే ఒదిలేస్తానా? తుప్పు పట్టి ఉన్నాయని చింతపండేసి తోమాను" అందామె.

సుభాషిణికి నవ్వొచ్చింది. మాస్టారు నవ్వలేదు. రాళ్లను కూడా మరిచిపోని ఆ మనిషిని చూసి ఆయన మనసు నిండిపోయింది. పనిచేసేది ఆ తుప్పేనని మెల్లగా చెప్పి, తన ఇంట్లో మిగిలిన రాళ్ల బస్తాను సుభాషిణి చేత స్కూటీ మీద తెప్పించి డ్రమ్ములో నింపారు. ఆగిన ఎర్ర నీళ్లను మళ్లీ పైనుంచి పోస్తే, సాయంత్రానికి తేటపడి తోటలోకి పారాయి.

మాణిక్యమ్మ చేతులు జోడించింది. "మరి ఈ రాళ్లు చేసిన మేలుకి నేనేం చెయ్యను, బాబూ?"

"రోజూ రంగు నీళ్లు పొయ్యమ్మా."

తిరిగొస్తూ సుభాషిణి సన్మానం మాట ఎత్తలేదు. ఇంటి అరుగు దగ్గర మాస్టారే అడిగారు.

"నీ క్లాసులో కెమిస్ట్రీ తప్పినవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు, మాస్టారూ."

"ఆదివారం పంపు. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి."